మూల దగ్గర ఆగే చప్పుడు

బట్టల కటింగు మాస్టారికి పక్షవాతం వచ్చి చాలావరకు నయమైంది కానీ, ఎడమ పాదం మాత్రం మొండికేసింది. మడమ నేలకు ఆనదు, వేళ్ళు లోపలికి ముడుచుకుపోతాయి. ముందుపాదం నేలకు తగిలిందంటే చాలు, టకటకా కొట్టుకుంటుంది. కాసేపు ఆగి మళ్ళీ మొదలవుతుంది. అచ్చం చనిపోయిన భార్య కుట్టుమిషను తొక్కినట్టే, మూల దగ్గర గుడ్డ తిప్పడానికి ఆగి మళ్ళీ తొక్కినట్టే. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. చెబితే మతి కూడా పోయిందంటారు.

డాక్టరమ్మ పిక్క నొక్కి చూసింది. "బొటాక్స్ వేద్దాం. బిగుసుకున్న కండరం వదులవుతుంది, మడమ ఆనుతుంది."

"ముఖం మీద ముడతలకు వేస్తారే, అదేనా? ఈ వయసులో నా కాలికి సోకులెందుకమ్మా?"

కూతురు నవ్వలేదు. ఆయన్ని లేపీ లేపీ ఆమె నడుం పట్టేసింది. ఆయన తనంతట తాను నాలుగడుగులు వేస్తేనే ఆమె మళ్ళీ ఉద్యోగంలో చేరగలదు. "వేసెయ్యండి డాక్టరుగారూ," అంది.

స్కానింగు తెర మీద కండరాన్ని వెతికి సూది దించారు. కొద్ది రోజుల్లోనే పాదం మెత్తబడింది. వ్యాయామాలు చేయగా చేయగా, గోడ పట్టుకుని నడిచాడు. కూతురు పనికి వెళ్ళింది. ఇంట్లో చప్పుడన్నది లేదు.

ఆ నిశ్శబ్దం ఆయనకు తెలిసిందే. భార్య పోయిన రోజూ ఇంతే. పక్కగదిలో మిషను ఆగితే, దారం అయిపోయి బాబిను మారుస్తోంది కాబోలనుకుని కత్తెర దించలేదు. చొక్కా చేతులు కత్తిరించడం పూర్తిచేసి వెళ్ళి చూస్తే, ఆవిడ తల మిషను మీద వాలి ఉంది. ఇప్పుడు ఆ చప్పుడు చేతులారా మళ్ళీ ఆపించుకున్నానని కుమిలిపోయాడు.

మందు బలం కొన్ని నెలలేనని, మళ్ళీ బిగుసుకుంటే రమ్మని డాక్టరమ్మ చెప్పింది. ఆయన ఆ మాట మీదే ఆశ పెట్టుకున్నాడు.

చలి మొదలయ్యాక ఒక ఉదయం కుర్చీలోంచి లేవబోతే పాదం టకటకలాడింది. ఆగింది. మళ్ళీ కొట్టుకుంది. ఆయనకు ఏడుపు ముంచుకొచ్చింది.

"వచ్చావా?" అన్నాడు.

తల తిప్పితే గుమ్మంలో కూతురు, ఆఫీసు సంచి భుజాన వేసుకుని, ఆ చప్పుడే వింటూ. ఆమె నడుం గుర్తొచ్చింది. మోకాలిని చేత్తో అదిమిపట్టి, "మళ్ళీ మొదలైందమ్మా. డాక్టరమ్మకి ఫోన్ చెయ్యి," అన్నాడు.

కూతురు ఫోను తీయలేదు. సంచి కింద పెట్టి ఆయన కాళ్ళ దగ్గర కూలబడింది.

"రేపు చేస్తాలే. చెయ్యి తియ్యి నాన్నా," అంది. "అమ్మని ఆ మూల తిప్పుకోనీ."