వెర్నా రాయని మాటలు

గాలి. రోజంతా గాలి.

కోత ముగిసిన మొక్కజొన్న చేలల్లో ఎండుటాకుల గరగర. అదే గరగర టెలిఫోన్ తీగల్లో… వెర్నా చెవుల్లో.

నెబ్రాస్కాలోని ఆ చిన్న ఊరికి ఒకటే టెలిఫోన్ గది. అందులో పంతొమ్మిదేళ్లుగా ఒకే మనిషి — వెర్నా లిండ్‌క్విస్ట్. ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా లైను ఆమే కలపాలి.

ఒకప్పుడు ఆ తీగల నిండా మనుషులే.

“వెర్నా, మా ఆవిడ ఫోన్ చేస్తే నేను చచ్చిపోయానని చెప్పు!” అనేవాడు ముసలి గస్.

“మొన్న కూడా చచ్చిపోయావుగా గస్. ఆవిడ నమ్మలేదు.”

తర్వాత అమెరికాలో ఎన్నికలు ఆగిపోయాయి. దేశమంతటికీ ఒక్కడే నాయకుడు.

నాయకుడి బొమ్మ బడిలోకి వచ్చింది. చర్చిలోకి వచ్చింది. టెలిఫోన్ గదిలోకీ వచ్చింది — దాని కింద ఒక నోటుపుస్తకం. నాయకుణ్ణి ఎవరేమన్నా వెర్నా అందులో రాయాలి. శనివారం శనివారం నాయకుడి మనుషులు, బూడిదరంగు చొక్కాలవాళ్లు, వచ్చి చదువుతారు.

ఆ పుస్తకం సంగతి ఊరికి తెలిసిపోయింది.

ఇప్పుడు నంబరు చెబుతారు. అంతే. చర్చిలో ఆమె కూర్చునే బల్లమీద ఇంకెవరూ కూర్చోరు.

ఊరికి తెలియనిది ఒకటుంది. నాలుగేళ్లలో వెర్నా ఒక్కరి మాటా రాయలేదు. తిట్టినవాళ్లున్నారు. వెక్కి వెక్కి ఏడ్చినవాళ్లున్నారు. ఆమె రాసింది — వాన. పందుల ధర. మిసెస్ హోల్ట్ మోకాలినొప్పి.

ఎవరికి చెప్పుకుంటుంది…

1938 నవంబరు. మధ్యాహ్నం ఒంటిగంటన్నర. జిల్లా కేంద్రం నుంచి ఊళ్లోని చొక్కాలవాళ్లకు ఫోన్. లైను కలిపి వెర్నా వింది.

“స్కూలు మాస్టరు ఎమిల్ బ్రాండెల్. రెండింటికి కారు వస్తుంది.”

వెర్నా వెంటనే బ్రాండెల్ ఇంటికి లైను కలిపింది. మాస్టారి భార్య క్లారా ఎత్తింది.

“క్లారా, ఎమిల్‌ని ఇప్పుడే ఎటైనా పంపించెయ్. రెండింటికి వస్తున్నారు.”

తీగల్లో గాలి.

“మేం నాయకుణ్ణి నమ్ముకున్నవాళ్లం,” పాఠం అప్పజెప్పినట్టు అంది క్లారా. “రాసుకో.”

“రాయడం లేదే తల్లీ! నీకు చెబుతున్నా—”

పెట్టేసింది.

మళ్లీ మోగించింది. మోగింది… మోగింది… ఎవరూ ఎత్తలేదు.

పని వేళలో స్విచ్‌బోర్డు వదిలి లేవడం ఆమెకు అదే మొదటిసారి. కోటు కూడా వేసుకోకుండా ఎదురుగాలిలో నడిచింది. ఎనిమిది ఇళ్లు దాటింది. ఎనిమిది కిటికీల్లో తెరలు కదిలాయి.

“క్లారా! దేవుడి మీద ఒట్టు… తలుపు తియ్యి!”

లోపల కుర్చీ జరిగిన చప్పుడు. తలుపు తెరుచుకోలేదు.

కారు వచ్చి ఆగాక తెరుచుకుంది. గడపలో క్లారా. వేలు చూపిస్తోంది.

“ఈవిడే! పారిపొమ్మని ఈవిడే చెప్పింది. మేం పోలేదు. చూడండి, మేం ఎక్కడికీ పోలేదు!”

ఇద్దరినీ కారెక్కించారు — ఎమిల్‌ని, వెర్నాని.

తిన్నని దారి. అటూ ఇటూ ఖాళీ చేలు.

ఎవరి మాటా రాయలేదన్న నిజం చెప్పేస్తే పక్కనున్న ఎమిల్ నమ్ముతాడేమో. కానీ ముందు సీటులో చొక్కావాడు వింటున్నాడు. ఆ నిజం చెబితే నాయకుణ్ణి తిట్టిన ఊరు ఊరంతా ఈ కారులోకి రావాలి.

నోరు మూసుకుంది. చలికి పళ్లు టకటకమంటున్నాయి.

ఎమిల్ ఒళ్లో అతని కోటు ఉంది. సంకెళ్ల చేతులతో దాన్ని మెల్లగా జరిపాడు. సగం ఆమె మోకాళ్ల మీదికి వచ్చింది.

ముఖం మాత్రం కిటికీ వైపే.