పెద్దకోడలి ముందు చక్రాలు

"దిగి తిప్పు."

పెళ్ళైన దగ్గర్నుంచి మొగుడి నోట చిన్నకోడలు ఎక్కువసార్లు విన్న మాట అదే. పేరు పెట్టి పిలిచింది కూడా అన్నిసార్లుండదు. కొండదారిలో ఎక్కుడు మొదలయ్యే చోట బండి ఆపి, స్టీరింగు మీద నుంచి చెయ్యైనా తీయకుండా ఆయన ఆ మాట అంటాడు. ఆమె దిగుతుంది. దిగడమంటే మామూలు దిగడం కాదు. ఆయన ఆ బండి కింద పొడుగాటి స్ప్రింగులు బిగించి, వాటి కింద రాక్షసి టైర్లు తగిలించి దాన్ని మేడంత చేసిపెట్టాడు. ఎక్కాలంటే నిచ్చెన కావాలి, దిగాలంటే దేవుడి మీద భారం వేసి జారాలి.

జారి, చీలమండల దాకా బురదలో నిలబడి, ఆమె ముందు చక్రం దగ్గరికి వెళ్తుంది. చక్రం నడిబొడ్డున డబ్బా మూతంత గుండ్రటి బిళ్ళ ఉంటుంది. దాన్ని హబ్బు అంటారు. పాతకాలపు జపాను బండి కదా, లోపల ఫోర్‌వీల్ లివరు లాగినంత మాత్రాన పని జరగదు. బయట ఈ హబ్బులు రెండూ చేత్తో తిప్పి బిగిస్తేనే ముందు చక్రాలు కూడా లాగుతాయి. లేకపోతే వెనక చక్రాలు చెమటోడుస్తుంటే ముందువి పెళ్ళివారిలా ఊరికే వెంట దొర్లుతాయి. ఈ సంగతి పెళ్ళైన కొత్తలో మొగుడే చెయ్యి పట్టుకుని మరీ నేర్పాడు. ఆయన చెయ్యి పట్టుకుని నేర్పిన పని అదొక్కటే. అందుకని పాపం ఆమె చాలాకాలం దాన్ని సరసమనే అనుకుంది.

రెండు వైపులా తిప్పి, బానెట్టు మీద చేత్తో తడితే, ఆయన లివరు లాగి బండిని ఉరికిస్తాడు. ఎక్కుడులో మధ్యలో ఆపితే జారుతుందట. ఆపడు. ఆమె మొహం మీద పడిన బురద తుడుచుకుని, చెప్పులు చేత పట్టుకుని, వెనకే నడిచి ఎక్కుతుంది. ఆ చుట్టుపక్కల కొండలన్నీ ఆ బండి ఎక్కిందని పేరేగానీ, కాలినడకన ఎక్కింది ఈమె. రొప్పుకుంటూ పైకి చేరేసరికి ముందు సీట్లో అత్తగారు, "ఇంతసేపేమిటే అమ్మాయ్, గాలి ఎంత బాగుందో చూడు" అనేవారు.

ఆ ఇంట్లో కొడుకు ఒక్కడే. అయినా ఈమె చిన్నకోడలు ఎందుకైందంటే, బండి పెళ్ళికి ముందే వచ్చింది గనక. కొడుకు పొద్దస్తమానం దాని కిందే పడుకోవడం చూసి అత్తగారు దానికి 'పెద్దకోడలు' అని పేరు పెట్టారు. వీధంతా ఆ పేరే పట్టుకుంది. పెద్దకోడలు తడవకుండా పెరట్లో రేకుల షెడ్డు లేచింది, అక్కడుండే బట్టల తాడు పోయింది. పెద్దకోడలి పాత నూనె పట్టడానికి చిన్నకోడలి బేసిను వెళ్ళింది, నట్లు నానబెట్టడానికి గిన్నెలు వెళ్ళాయి. ఏ బోల్టు ఎక్కడిదో గుర్తుపెట్టుకోవడానికి ఆమె గోళ్ళ రంగు కూడా వెళ్ళింది. ఎర్రగా ముస్తాబై బోల్టులు మెరుస్తుంటే ఈమె గోళ్ళు బోసిగా ఉండేవి. నదులు దాటేటప్పుడు ఇంజనుకు గాలి అందాలని బానెట్టు పక్క నుంచి పైకప్పు దాకా గొట్టం పెట్టాడాయన. ఆ గొట్టం చూసిన నీళ్ళు, ఆదివారం ఆదివారం ఈమె బకెట్టుతో పోసినవే.

అలాగని మొగుడు చెడ్డవాడేం కాదు. బీమా ఆఫీసులో గుమాస్తా. అక్కడ ఎవరూ ఆయన మాట వినరు. బండి వింటుంది.

చిన్నకోడలికీ ఉద్యోగం ఉంది. పాల డైరీలో పాలు పరీక్ష చేస్తుంది. పాలు తెచ్చే ఊళ్ళన్నీ తిరిగి, అక్కడికక్కడే తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు పని ఖాళీ అయినప్పుడు మేనేజరు ఆమెనే పిలిచి అడిగాడు. తనే బండి నడుపుకుంటూ తిరగాలి, రెండు నెలల్లో లైసెన్సు తెస్తే ఉద్యోగం నీదే, లేదంటే లైసెన్సున్న ఇంకొకరిని చూసుకుంటాం అన్నాడు. ఆ సాయంత్రం ఇంటికొస్తుంటే ఆమె కాళ్ళు నేల మీద లేవు. గాజు గొట్టాల ముందు వంగి వంగి నడుము పట్టేసిన మనిషికి ఊళ్ళు తిరగడమంటే మాటలా?

మర్నాడే మధ్యాహ్నం భోజనం మానేసి వెళ్ళి, నేర్చుకునేవాళ్ళకిచ్చే కార్డు తెచ్చుకుంది. మొగుడికి చూపిస్తే, మంచిదేగానీ ఏ బండి మీద నేర్చుకుంటావు అన్నాడు. డ్రైవింగు స్కూలుకు వెళ్తానంది. ఇంట్లో ఇంత బండి పెట్టుకుని బయట నేర్చుకుంటే నలుగురూ నవ్వరా అన్నాడు. సరే, అయితే ఇంట్లో బండి మీదే నేర్పండి అంది. అదెక్కడ, నువ్వెక్కడ, ఆ క్లచ్చు తొక్కాలంటే మోకాలు ఊడొస్తుంది అన్నాడు. అత్తగారు నవ్వి, పెద్దకోడలికి కోపమొస్తుందే అన్నారు. ఆ జోకు ఆ ఇంట్లో ఎంత పాతదంటే, ఎవరూ నవ్వకపోయినా అది తన పాటికి తను వచ్చి కూర్చునేది.

ఇలా వారాలు జారిపోతుండగా, మొగుడు తన బండ్ల స్నేహితులతో కలిసి కొండల్లోకి వెళ్ళాడు. ఒకరు పళ్ళ డాక్టరు, ఒకరు టైల్సు షాపాయన. ఆడవాళ్ళు వద్దనుకున్నారట, ఈసారి దారి చాలా కష్టమట. పొద్దున్నే మహారాజులా వెళ్ళినవాడు సాయంత్రానికి ట్రాక్టరు వెనక తాడు కట్టించుకుని వచ్చాడు. వాగు గట్టు మీద పెద్దకోడలు మొండికేసింది. లివరు ఎంత లాగినా వెనక చక్రాలే గిర్రున తిరిగాయి, ముందు చక్రాలు కదల్లేదు. స్నేహితుల బండ్లు కొత్తవి, లోపల బటను నొక్కితే చాలు అన్నీ అవే బిగుస్తాయి. కాబట్టి వాళ్ళకూ ఏమీ తట్టలేదు. ముగ్గురూ కలిసి ఒక తీర్మానానికి వచ్చారు. పెద్ద గేరుబాక్సు వెనక, ముందు చక్రాలకు బలం పంపే చిన్న గేరుబాక్సు పోయింది.

మర్నాడు బండి కడుగుతూ చిన్నకోడలు ముందు చక్రం దగ్గర ఆగిపోయింది. హబ్బు మీది బాణం గుర్తు వదులు వైపే ఉంది. దాని మీద బురద ఎండి, పగలకుండా, వేలిముద్రైనా లేకుండా ఉంది. అటు వైపు వెళ్ళి చూసింది. అదీ అంతే. మగ్గు బకెట్లో పడేసి, స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకుని, నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉండగా ఎక్కడో మధ్యలో నవ్వు ఆగిపోయింది. ఆయన హబ్బులు మర్చిపోలేదు, మర్చిపోవాలంటే ముందు గుర్తుండాలి కదా. ఆయన లెక్కలో 'దిగి తిప్పు' అంటే అవి తిరుగుతాయి, అంతే. ఆ మాటకీ ఆ చక్రానికీ మధ్యన ఒక మనిషి దిగుతుందని, ఆ మనిషికి కాళ్ళుంటాయని, అవి తడుస్తాయని ఆయనకు ఎప్పుడూ తోచలేదు. అందరి పనిముట్లూ పెట్టెలో ఉంటాయి. ఈ పనిముట్టు తనంతట తనే ఇంటికి నడిచొచ్చి, కాళ్ళు కడుక్కుని పొయ్యి వెలిగిస్తుంది.

అయినా చెప్పబోయింది. అప్పటికే ఆయన బండి కింద దూరి ఉన్నాడు, ఆమె టార్చిలైటు పట్టుకుని గొంతుక్కూర్చుంది. "ఏమండీ, ఆ ముందు చక్రాల దగ్గర..." అంది.

"లైటు తిన్నగా పట్టుకో చాలు. ఇది చక్రాల సంగతి కాదు, నీకర్థం కాదు" అన్నాడు కింది నుంచి.

సరే, నాకర్థం కాదు అనుకుని ఆమె లైటు తిన్నగా పట్టుకుంది.

మూడు ఆదివారాలు పట్టింది. చిన్న గేరుబాక్సు ముక్కలు ముక్కలుగా విడిపోయి భోజనాల బల్ల నిండా పరుచుకుంది. ఇంటిల్లిపాదీ ఒళ్ళో పళ్ళేలు పెట్టుకుని తిన్నారు. లోపల ఏదీ విరగలేదని ఆయన ఆశ్చర్యపోయి, విరగకపోయినా పాతబడిందని నాలుగు బేరింగులు మార్చి, మళ్ళీ బిగించాడు. చివరి ఆదివారం పొద్దున స్నేహితులిద్దర్నీ పిలిచాడు. వీధి చివర ఎవరో ఇల్లు కడుతూ పోయించిన మట్టిగుట్ట ఉంది, రాత్రి వానకు నాని జిగురుజిగురుగా ఉంది. పరీక్షకు అదే అన్నాడు. ఎప్పటిలాగే అత్తగారు ముందు సీట్లో, చిన్నకోడలు వెనక. గుట్ట ముందు బండి ఆపి, కిటికీలోంచి స్నేహితులకు బేరింగుల గురించి చిన్న ఉపన్యాసం ఇచ్చి, ఆయన ఇటు తిరక్కుండానే అన్నాడు.

"దిగి తిప్పు."

చిన్నకోడలు దిగింది. హబ్బు మీద చెయ్యి వేసింది. తిప్పితే బండి ఎక్కేస్తుంది. వీళ్ళు గేరుబాక్సుకు చప్పట్లు కొడతారు. నెలాఖరుకు మేనేజరిచ్చిన గడువు తీరి తన ఉద్యోగం లైసెన్సున్న ఇంకెవరికో పోతుంది. తను ఎప్పటికీ ఇలా దిగుతూనే ఉంటుంది. హబ్బు చల్లగా ఉంది. ఆమె చెయ్యి తీసి కొంగుకు తుడుచుకుంది.

"తిప్పావా?" అన్నాడాయన తల బయటపెట్టి.

"లేదండీ. ఒక్క మాట. ఆ రోజు వాగు దగ్గర ఎవరు దిగారు?"

"ఏ రోజు?"

"నేను రాని రోజు."

టైల్సు షాపాయన పళ్ళ డాక్టరు వంక చూశాడు. పళ్ళ డాక్టరు ఆకాశం వంక చూశాడు. మొగుడు లివరును చూశాడు, చక్రాన్ని చూశాడు, చివరికి ఆమెను చూశాడు. మొహంలో రక్తం మెట్టు మెట్టుగా దిగిపోయింది. "నేననుకున్నానూ..." అని ఆగిపోయాడు. ఏమనుకున్నాడో ఆయనకే తెలియలేదు.

"ఏమైందిరా?" అన్నారు అత్తగారు.

"ఏం లేదమ్మా."

"ఏం లేకపోతే మూడు వారాలు అన్నం తినే బల్ల మీద పరిచిందేమిటి?"

టైల్సు షాపాయన దగ్గు వచ్చినట్టు నటిస్తూ కాస్త పక్కకు వెళ్ళాడు. చిన్నకోడలు డ్రైవరు తలుపు దగ్గరికొచ్చి, గొంతు పెంచకుండా, "దిగండి. ఇవాళ మీరు తిప్పండి. నేను లోపల కూర్చుంటాను" అంది. సంచీలోంచి కార్డు తీసి చూపించింది.

ఆయన దిగాడు. ఇంకేం చేస్తాడు. హబ్బు బిగుసుకుపోయి ఉంటే రెండు చేతులా తిప్పి, నడుము పట్టుకుని అటు వెళ్ళి అదీ తిప్పి, చేతులు నల్లగా చేసుకుని వచ్చి, "బిగించాను. లివరు లాగి మెల్లగా ఎక్కించు" అన్నాడు. కొంచెం గర్వంగానే అన్నాడు.

ఆమె అప్పటికే సీటు ముందుకు జరుపుకుని కూర్చుంది. గుట్టను ఒకసారి చూసి తల తిప్పేసింది.

"మళ్ళీ వదులు చెయ్యండి."

"అదేం?"

"నాకీ గుట్ట ఎందుకండీ? పాలబండి తిరిగేది రోడ్డు మీదే. నాకు రోడ్డు చాలు. నెలాఖరు దాకా రోజూ సాయంత్రం నేను డైరీ నుంచి రాగానే గంటసేపు నేర్పాలి. కుదరదంటే రేపే స్కూల్లో చేరతాను. నవ్వేవాళ్ళు నవ్వనీండి."

ఆయన స్నేహితుల వైపు చూశాడు. అటు నుంచి సాయమేమీ రాలేదు. మళ్ళీ వంగి రెండు వైపులా వదులు చేశాడు. నేర్పేవాళ్ళు పక్కన కూర్చోవాలట అత్తయ్యా, మీరు కాస్త వెనక్కి మారండి అని ఆమె చెప్పబోతుండగానే అత్తగారు సీటు పట్టుకుని దిగడం మొదలుపెట్టారు. దిగుతూ, ఈ రోడ్డు మా చెల్లెలి ఇంటిదాకా వెళ్తుందా అని అడిగారు. వెళ్తుందంది కోడలు.

"అయితే ఎక్కరా, ఏం చూస్తున్నావ్" అన్నారావిడ కొడుకుతో. "మంచి రోడ్డు మీద కూడా ఇది నడుస్తుందని ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెప్పావా నాకు?"

చిన్నకోడలు క్లచ్చు తొక్కింది. మోకాలు ఊడి రాలేదు. గేరు వేసి కాలు వదిలేసరికి బండి ఒక్క ఎగురు ఎగిరి, తలాడించి, ఆగిపోయింది. పక్క సీట్లో మొగుడు తలుపు పిడి రెండు చేతులా పట్టుకున్నాడు. ఆమె ఎవరి వంకా చూడకుండా తాళం మళ్ళీ తిప్పింది.