మూడు ఈస్టర్ల అబద్ధం

అయినా ఇందులో ఏముంది, మూడేళ్ళ పిల్లలు చేసే పనేగా, నూట ఇరవై కార్లు మోసే ఫెర్రీని ఎదురుగాలిలో బెత్తెడు తేడా రాకుండా రేవుకి ఆనించిన మనిషికి కాళ్ళకి కట్టుకున్న ఈ రెండు స్కీ చెక్కలు లొంగవా అనుకుంటూ సోల్వి ఎడమకాలు ముందుకు తోసింది, ఎడమకాలు వెళ్ళింది, కుడికాలు మాత్రం తనదారి తను చూసుకుంది, మళ్ళీ మంచులో కూలబడింది, ఈ పొద్దున ఇది పదకొండోసారో పన్నెండోసారో, పడితే పడ్డాను, మంచు మెత్తగానే ఉంది, యాభై రెండేళ్ళ ఎముకలు గట్టిగానే ఉన్నాయి, మొన్న సోమవారం లేవడానికే ఐదు నిమిషాలు పట్టింది, ఇవాళ ఒక పక్కకి దొర్లి, స్కీలు రెండూ ఒకవైపు చేర్చి, మోకాలి మీద బరువు మోపి లేవడం వచ్చేసింది, పడడం, లేవడం వచ్చాయంటే సగం విద్య వచ్చినట్టే, మిగతా సగానికి రేపటిదాకా వ్యవధి ఉంది, రేపు గురువారం, రేపు మధ్యాహ్నం ఆరు కిలోమీటర్ల ఎగువన కొండమీది చెక్క ఇంటి ముందు ఈస్టర్ సెలవులకి చేరిన భర్త హల్వర్, వాళ్ళమ్మ, తమ్ముళ్ళు, తోడికోడళ్ళు ఎండకి ముఖాలు అప్పగించి నారింజలు ఒలుచుకుంటూ ఉంటారు, తను పుట్టినప్పటినుంచీ స్కీల మీదే తిరిగినట్టు అలవోకగా వెళ్ళి వాళ్ళ ముందు ఆగాలి, ఆగడం ఇంకా రాలేదు, అది సాయంత్రం నేర్చుకుంటుంది.

తప్పంతా తనదే, అది ఒప్పుకోవడానికి సోల్వికి సిగ్గేమీ లేదు, నాలుగేళ్ళ కిందట పెళ్ళయిన కొత్తలో అత్తగారింట మొదటి భోజనం, మటన్ కూర గిన్నె ఇటు జరుపుతూ యోరున్, అంటే హల్వర్ తల్లి, నీకు స్కీయింగ్ వచ్చుగా సోల్వీ అని అడిగింది, కాఫీ తాగుతావుగా అన్నంత మామూలుగా, బల్ల చుట్టూ అందరూ నవ్వు ముఖాలతో చూస్తున్నారు, ఎందుకు రాదు అత్తయ్యా, బ్రహ్మాండంగా వచ్చు అనేసింది, వచ్చు అంటే చాలేది, ఆ బ్రహ్మాండం ఎక్కణ్ణుంచి వచ్చిందో, తను పుట్టిన పడమటి దీవిలో పొద్దున పడ్డ మంచు మధ్యాహ్నం వానకి కొట్టుకుపోతుంది, అక్కడ పిల్లల చేతికి ముందు తెడ్డు ఇస్తారు, ఆ ఒక్కముక్క అప్పుడే చెప్పేస్తే అందరూ కాసేపు నవ్వి ఊరుకునేవాళ్ళు, చెప్పలేదు, ఇక వాళ్ళంతా స్కీల మీద కొండింటికి వెళ్ళే ప్రతి ఈస్టర్‌కీ నాకు డ్యూటీ పడింది హల్వర్, నువ్వు వెళ్ళిరా అనేది, నిజానికి పడలేదు, ఆఫీసులో అడిగి మరీ వేయించుకుంది, పిల్లలున్న తోటివాళ్ళు నీలాంటి మనిషి ఉండదు సోల్వీ అని మెచ్చుకున్నారు కూడా, అలా మూడు ఈస్టర్లు, ఈ ఏడాది దీవికి వంతెన వేశారు, ఫెర్రీ ఆగింది, దాంతో సాకూ పోయింది, కాగితాలు అప్పజెప్పి గురువారం వస్తానని హల్వర్‌ని శనివారమే పంపేసి, తను సోమవారం వచ్చి దారి మొదట్లో ఉన్న సత్రంలో దొంగలా దిగింది.

సరే, చదును మీద వస్తోంది, ఎవరేమన్నా వస్తోంది, మంచులో కోసినట్టున్న రెండు గాడుల్లో రెండు కాళ్ళూ పెట్టేస్తే అవే తీసుకుపోతున్నాయి, చిక్కల్లా ఈ పలకరింపులతోనే, పట్నంలో పక్కింటివాడి ముఖం చూడని జనం కొండమీద మాత్రం ఎదురైన ప్రతివాళ్ళనీ పలకరిస్తారు, పలకరిస్తే తల తిప్పాలి, తల తిప్పితే పడిపోవాలి, ఇప్పటికి ముగ్గురికి నమస్కారం, మూడు పాట్లు, నాలుగో ఆయనకి తల తిప్పకుండా గాడితోనే మాట్లాడినట్టు మాట్లాడింది, ఆయన వింతగా చూసి వెళ్ళాడు, వెళ్ళనీ, ఇక మిగిలింది ఈ గట్టు, గట్టంటే గట్టు కూడా కాదు, రేవులో కార్లు ఎక్కే వాలంత ఉంటుంది, రెండు రోజులుగా ఇది మాత్రం ఎక్కనివ్వడం లేదు, రెండడుగులు పైకి, మూడడుగులు కిందికి, జారుతోంది, ఎందుకు జారుతోంది, స్కీలు అద్దెకిచ్చినాయన మైనం పూసిమ్మంటారా అని అడిగితే అక్కర్లేదండీ, నాకు తెలుసు అంది, నిజంగానే తెలుసు, ఏటా వసంతంలో పడవ అడుగు గీకి నున్నగా తోమే చేతులు ఇవి, జారుడు మైనం తీసుకుని ఈ కొస నుంచి ఆ కొసదాకా అద్దంలా పట్టించింది, ఇంత శ్రద్ధగా పూస్తే ఈ గట్టుకేం రోగం, ఈసారి ఊపుగా వెళ్దాం, ఒకటి, రెండు, మూడు, నాలుగు, అదిగో సగం వచ్చేశాను, అయ్యో, స్కీలు వెనక్కి బయల్దేరాయి, వాటితోపాటు తనూ, సరిగ్గా అప్పుడే పైనుంచి ఎవరో చక్కగా దిగుతూ వస్తున్నారు, దిగేవాళ్ళకి ఎక్కేవాళ్ళు దారివ్వాలి, ఇవ్వడానికి తన కాళ్ళు తన చేతిలో ఉంటేగా, తప్పుకోండి, తప్పుకోండి అని అరుస్తూనే వెళ్ళి గట్టు కింద మంచులో నడుందాకా దిగబడింది.

ఆ వచ్చినావిడ ఒక్క మలుపుతో పక్కన ఆగింది, దెబ్బ తగిలిందా అమ్మా అంది, ఆ గొంతు తెలుసు, టోపీ కళ్ళమీదికి లాక్కుంది సోల్వి, లాక్కుని ఏం లాభం, ఫెర్రీ కంపెనీ పసుపు కోటు ఈ కొండలో ఇంకెవరికుంది, సోల్వీ, నువ్వా, నువ్వేనటే, ఎనభై ఒక్క ఏళ్ళ యోరున్, ఇంట్లో కాఫీపొడి అయిపోయిందని ఆరు కిలోమీటర్లు దిగి కొట్టుకి వెళ్తోంది, రేపు కదా నువ్వు రావలసింది అంటూ వంగి, ఊడిపోయిన ఒక స్కీ తీసి తిప్పి చూసింది, నడిమి భాగం బొటనవేలితో రాసింది, ఇంకోసారి రాసింది, ఎవరే ఇక్కడ కూడా జారుడు మైనం పూసింది, కొసలు జారాలి, నడిమిది మంచుని పట్టుకోవాలి, లేకపోతే గట్టెలా ఎక్కుతావు, మా ఊళ్ళో చిన్నబడి పిల్లనడిగినా చెబుతుంది ఈ మాట, అని తలెత్తి కోడలి ముఖంలోకి చూసింది, చూసి ఆగింది, నీకు రాదు కదూ, రాదు అత్తయ్యా, ఎప్పుడూ రాదా, ఎప్పుడూ రాదు, సోమవారమే మొదలుపెట్టాను, మరి ఆ డ్యూటీలు, అడిగి వేయించుకున్నాను, ఇక నవ్వుతుంది, ఇప్పుడు పగలబడి నవ్వుతుంది, నవ్వనీ, దానికి సిద్ధంగానే ఉన్నాను అనుకుంది సోల్వి.

యోరున్ నవ్వలేదు, మంచులో కోడలి పక్కనే చతికిలబడింది, జేబులోంచి చిన్న కత్తి తీసి నడిమి మైనం గీకడం మొదలుపెట్టింది, గీకుతూనే, ప్రతి ఏడూ కిటికీ పక్క మంచం నీకని ఉతికిన దుప్పటి వేసేదాన్ని, చిన్నకోడలు అడిగినా ఇవ్వలేదు, నువ్వు రాలేదు, మొదటి ఏడు డ్యూటీయే అనుకున్నా, రెండో ఏడూ అనుకున్నా, మూడో ఏడు ఇక అర్థమైందిలే అనుకున్నా, కరెంటు లేని ఇల్లు, మంచు కరిగించుకుని తాగే నీళ్ళు, పైగా నా నోరు మంచిది కాదు, నేనంటే నీకు గిట్టలేదనుకున్నా, హల్వర్‌ని అడిగితే మనిద్దరి మధ్యా నలిగిపోతాడని అడగలేదు, నిన్న కూడా ఆ దుప్పటి వేస్తూ, వస్తుందో రాదో అనుకున్నా, అంది, గొంతు మామూలుగానే ఉంది, కత్తి మాత్రం గీకినచోటే గీకుతోంది, సోల్వికి ఏడుపొచ్చింది, మూడు రోజులుగా ఎన్నిసార్లు పడినా రాని ఏడుపు, మూడేళ్ళూ వాళ్ళు నన్ను చూసి నవ్వుతారేమోననే ఆలోచించాను, పక్కమీద దుప్పటి మడతలు సరిచేస్తూ ఈ ముసలావిడ నేనేం తప్పు చేశానా అని ఆలోచిస్తోంది, నా పరువుకి ఖరీదు ఈవిడ కట్టింది, యోరున్ మంచుని పట్టుకునే నీలం మైనం జేబులోంచి తీసి పూసి, బెండుముక్కతో రుద్ది, రెండో స్కీకీ అలాగే చేసి, కాళ్ళకి తొడిగి, రేపటిదాకా ఈ చదునులో తిప్పి నేర్పుతాను, వాళ్ళకెవరికీ తెలియనక్కర్లేదు, సరేనా అంది, వద్దత్తయ్యా, మీ కాఫీపొడి కొనుక్కుని ఇవాళే వెళ్దాం అని లేచి నిలబడింది సోల్వి, చీకటి పడేలోగా చేరతామో లేదో, చేరతాం, ఈ ఆరు కిలోమీటర్లలో ఎన్నిసార్లు పడాలో అన్నిసార్లూ పడతాను, ఆ చివరిది అందరూ చూస్తుండగా వాకిట్లోనే పడతాను, పడి, లేవకముందే, నాకు స్కీయింగ్ రాదు, మీ దగ్గరికి రావాలని మాత్రం మొదటినుంచీ ఉంది అని చెబుతాను.