నలగని నిమ్మకాయలు

ఆదివారం పొద్దున. కారు వెనక సీటు మీద ఎండిపోయిన వాంతిని పాత అట్లకాడతో గీకుతున్నాను. వాంతి నాది కాదు, నా పిల్లలదీ కాదు. మా ఆడబిడ్డ మొగుడు మునిరత్నంది. నిన్న పలమనేరులో ఎవరిదో పెండ్లికి మా ఆయనా ఆయనా కలిసి పోయారు. తిరిగి వస్తుంటే ఆయనకు ఆగలేదు. ఆయన్ని పుంగనూరులో ఇంటి దగ్గర దింపి, ఆయన కక్కినదాన్ని మాత్రం మా ఆయన భద్రంగా మదనపల్లె దాకా తెచ్చి నాకు అప్పజెప్పాడు. పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, తాళాలు నా వైపు తోసి, "కారు కొంచెం సూడు మే, వాసనొస్తాండాది" అన్నాడు. సీటు కుట్లలోకి బిర్యానీ మెతుకులు దూరి ఉన్నాయి. మందు కంపు, పులిసిన మాంసం కంపు, వాటి మీద మా ఆయన కొట్టిన సెంటు. కొంగు ముక్కుకు కట్టుకున్నాను. పిల్లల చిన్నప్పుడు ఇంతకన్నా పాడువి చేత్తో ఎత్తాను, ఎప్పుడూ ఇలా కట్టుకోలేదు.

ఈ కారు రెండువేల మూడు ఉగాదికి కాస్త ముందు వచ్చింది. తెల్ల మారుతి, కర్ణాటక నంబరు, బెంగళూరులో ఎవరో వాడి వదిలేసింది. మా ఆయన వెంకటరమణకు టమోటా మండీ ఉంది. మండీ ఉన్నవాడికి కారు లేకపోతే రైతులు లెక్కచేయరని ఆయన నమ్మకం. కారు వచ్చాక మా ఇంటికి ఊడ్చి తుడవాల్సిన గది ఇంకొకటి పెరిగింది, అంతే. చక్రాలున్న గది కాబట్టి, ఊరూరా తిరిగి అక్కడి చెత్త కూడా తెచ్చుకుంటుంది.

నేను పుంగనూరులో హైస్కూల్లో లెక్కల టీచర్ని. రోజూ బస్సులో పోయి బస్సులో వస్తాను. ఇంట్లో అందరికీ నా బస్సు ప్రయాణం మీద జాలి. అయ్యో, నిలబడి పోవాల, రోజూ ఎట్ల పోతాదో అంటారు. వాళ్ళకు తెలియనిదేమంటే, నా రోజులో నాది అని చెప్పుకోగలిగిన ముక్క అదొక్కటే. బస్సులో నన్నెవరూ మంచినీళ్ళడగరు. చొక్కా యాడుండాది అనరు. కిటికీ పక్క సీటు దొరికితే తలుపు వేసుకుని కూర్చున్నట్టే. మా స్కూల్లోనే పనిచేసే శాలిని పక్కనుంటే వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ నవ్వుకుంటాం. లేకపోతే కళ్ళు మూసుకుని ఊరకే ఉంటాను. ఏమీ చేయకుండా ఊరకే ఉండటం మా ఇంట్లో నేను ఒంట్లో బాగాలేనప్పుడు కూడా చేయలేదు.

"నువ్వు కారు నేర్చుకోవల్ల" అని మా ఆయన అన్నప్పుడు, దాచడమెందుకు, సంతోషపడ్డాను. నా అంతట నేను స్టీరింగ్ పట్టుకుని ఎటో పోతున్నట్టు ఊహించుకున్నాను. తర్వాత ఒక్కొక్కటీ బయటపడింది. మంగళవారాలు నేను సెలవు పెట్టి అత్తను మోకాళ్ళ వైద్యానికి కుప్పం తీసుకుపోవాలి. స్కూలుకు పోయేటప్పుడు ఆడబిడ్డకు కూరగాయలు, పాలు, అత్త పంపే పచ్చళ్ళు వేసుకుపోవాలి. సాయంత్రం ఆడబిడ్డ పిల్లల్ని ట్యూషన్ దగ్గర దింపి రావాలి. మండీలో పని ఎక్కువైనప్పుడు రైతుల్ని బస్టాండు నుంచి ఎక్కించుకు రావాలి. డ్రైవర్ని పెట్టుకుంటే జీతమివ్వాలి, పైగా వాడు సిగరెట్లు తాగుతాడు. నేను తాగను.

మార్కెట్ యార్డు వెనక ఖాళీ స్థలంలో ఆయన నాకు నాలుగు పొద్దులు నేర్పాడు. ఆ నాలుగు పొద్దుల చదువుతోనే బోయకొండకు బయలుదేరదీశాడు. కొత్త బండి కాబట్టి గంగమ్మ దగ్గర పూజ చేయించాలి. పూజ అయ్యాక నాలుగు చక్రాల ముందు నాలుగు నిమ్మకాయలు పెడతారు. వాటిని తొక్కించి బండి ముందుకు పోతే దిష్టి పోయినట్టు. ఇంటి లక్ష్మి చేత తొక్కిస్తానని మా ఆయన చుట్టాలందరి ముందూ గొప్పగా ప్రకటించాడు. నన్ను సీట్లో కూర్చోబెట్టి, తాను బయట నిలబడి, "ఫస్ట్ గేరు ఏసిపెట్టినా, స్టార్ట్ చేసి క్లచ్ మెల్లగా వదులు, చాలు" అన్నాడు. ఆయన చెప్పినట్టే చేశాను. కారు ఒక్క గుంజు గుంజి వెనక్కి పోయింది. వెనక టెంకాయలమ్ముకునే ఆమె బుట్ట తిరగబడింది. బండి ఆగి చూస్తే నాలుగు నిమ్మకాయలూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఒక్కటీ నలగలేదు.

మీరే కదా ఫస్ట్ గేరన్నారు అని నేను గొణిగాను. మునిరత్నం పొట్ట పట్టుకుని నవ్వుతూ, "ఆడలేక మద్దెల ఓడన్నట్టుండాదే చెల్లెమ్మా" అన్నాడు. మా ఆయన కూడా నవ్వాడు. ఆడోళ్ళకు బండిస్తే ఇంతేనని, దీనికి ముందూ వెనకా తెలీదని అన్నాడు. తర్వాత తానే ఎక్కి, గేరు మార్చి, నిమ్మకాయలు తొక్కించాడు. గంగమ్మకు ఇంకో కోడి పడింది. ఆ కోడిని వండి అంతమందికి వడ్డించింది కూడా నేనే.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఏ చెడు జరిగినా దానికి కారణం దొరికింది. టమోటా ధర పడిపోయినా, అత్త మోకాలు వాచినా, మబ్బు పట్టి వాన కురవకపోయినా, నిమ్మకాయలు నలగకపోయె కదా అనేవాళ్ళు. నా పేరెత్తేవాళ్ళు కాదు, నేను అక్కడే ఉండేదాన్ని కాబట్టి అక్కర్లేదు. దోషం పోవాలని అత్త నన్ను మంగళవారం మంగళవారం ఒక్కపొద్దు ఉండమంది. ఉన్నాను. ఖాళీ కడుపుతో మధ్యాహ్నం దాకా పాఠాలు చెప్పి, కళ్ళు తిరిగి, బోర్డు పట్టుకుని నిలబడ్డాను. అంతగా నమ్మాను, నా చెయ్యి తగిలే గేరు మారిందని, తప్పు నాదేనని.

డ్రైవింగ్ స్కూల్లో చేర్చినప్పుడు నా పరిస్థితి ఇంకా అన్యాయం. నేర్పే ఆయన ఫస్ట్ గేరు అనగానే వేసేదాన్ని. వేసి, తల వంచి చూసేదాన్ని. చూసి, మళ్ళీ తీసి మళ్ళీ వేసేదాన్ని. అయినా క్లచ్ వదలకుండా ఇంకోసారి చూసేదాన్ని. నా చెయ్యే నాకు అబద్ధం చెబుతుందని భయం. ఆ భయం కారులో ఆగిపోయుంటే బాగుండేది. క్లాసులో బోర్డు మీద లెక్క చేసి, జవాబు రాసి, పిల్లలు చూస్తుండగా వెనక్కి పోయి మొదటి నుంచీ సరిచూసుకోవడం మొదలుపెట్టాను. ఇన్నేళ్ళు చెప్పిన లెక్కలు. ఒక పిల్ల, అది సరిగ్గానే ఉంది టీచర్ అంటే, ఆ పిల్ల మాటతో ధైర్యం తెచ్చుకున్నాను. ఎట్లాగో పడి లేచి నేర్చుకున్నాను. లైసెన్సు కూడా వచ్చింది. అయినా ఒంటరిగా కారు తీయలేదు, బస్సు వదల్లేదు. భయం అని చెప్పాను, అందరూ సులభంగా నమ్మారు.

ఇప్పుడు వరండాలో మా అత్త పార్వతమ్మ నానబెట్టిన అనపగింజలు ముందరేసుకుని తొక్క ఊడేలా నొక్కి పితకపప్పు పితుకుతోంది. నేను రెండో బకెట్ నీళ్ళు తెస్తుంటే, ఎల్లుండి మంగళవారం కుప్పం పోదాం, అట్లే రామకుప్పంలో మా చెల్లెలినీ చూసి వద్దాం, నువ్వే తోలు అంది. తన కొడుక్కు మండీలో తీరదంట. నాకు చేతకాదు అత్తా, అంత దూరం, ఆ మిట్టాపల్లాల్లో నాకు భయం అన్నాను.

అత్తకు నా మీద నిజంగానే జాలి కలిగినట్టుంది. చేస్తున్న పని ఆపి, "యాల భయం? ఆ పొద్దు తప్పు నీది కాదులే" అంది.

ఏ పొద్దు అన్నాను.

"కొండ కాడ. పల్లంగా ఉండాది, బండి జారకుండా రివర్సులో ఏసినా, చక్రానికి రాయి పెట్టే పన్లేదని వాడే కదా అల్లునితో సెప్పింది. నేను వెనక సీట్లోనే ఉండా. మళ్ళ మర్సిపోయి నీకు ఫస్ట్ గేరన్నాడు."

బకెట్ నా చేతిలోనే ఉంది. మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదు అత్తా అని అడిగాను.

"అంతమంది ముందర మొగోని పరువు తీస్తారా మే? నువ్వంటే ఆడదానివి, నీకేం పోతాది." అని మళ్ళీ ఒక గింజ తీసుకుని వేళ్ళ మధ్య నొక్కింది. పప్పు గిన్నెలో పడింది.

నాకేం పోయిందో ఆమెకు ఎట్లా చెప్పను? మంగళవారాల తిండి పోయింది, అది పోనీ. బోర్డు ముందు నిలబడే ధైర్యం పోయింది. ఈ సంగతి ముగ్గురికి తెలుసు. ముగ్గురూ నన్ను చూసి అందరూ నవ్వుతుంటే చూశారు, ఒక్కపొద్దుంటుంటే చూశారు. ఒకరు ఉండమన్నారు, ఒకరు ఆడలేక మద్దెల ఓడన్నారు. బకెట్ కింద పెట్టి లోపలికి పోయాను. మా ఆయన పేపర్ చదువుతున్నాడు. కొండ దగ్గర రివర్సులో వేసింది మీరేనా అని అడిగాను. ఆయన పేపర్ దించకుండా, "అయితే ఏమిప్పుడు? నవ్వులాటగా పోయింది కదా. దాన్ని తవ్వితే ఏమొస్తాది" అన్నాడు. పేజీ తిప్పాడు. ఆయన మెడ మీద మడతలు, బనియన్ చంక కింద పసుపు మరక. ఆ మరకను ఎన్నిసార్లు రుద్దానో. ఆ మనిషిని చూస్తే మొదటిసారిగా నాకు కోపం రాలేదు. రోత పుట్టింది. కోపమైతే తగ్గుతుంది, మళ్ళీ వంట చేసుకుంటాం. ఇది తగ్గేలా లేదు.

చేతులు సబ్బుతో కడుక్కున్నాను. చీర మార్చుకుని, హ్యాండ్‌బ్యాగు తీసుకుని, తాళాలు తీసుకున్నాను. యాల పోతాండావు మే, పప్పుకు తిరగమాత పెట్టల్ల అని అత్త వెనక నుంచి అడుగుతోంది. కారు ఎక్కి అద్దాలన్నీ దించాను. సీటు సగమే గీకి ఉంది.

భయం పోయిందని చెప్పను. సందు మలుపులో ఒంటెద్దు బండి ఎదురొస్తే బ్రేకు తొక్కి, అది దాటిపోయేదాకా ఆగిపోయాను. ఊరు దాటేసరికి జాకెట్ వీపంతా తడిసిపోయింది. కానీ గేరు వేసి తల వంచి చూడలేదు. వేశానంటే వేసినట్టే. టమోటా లారీ ఒకటి మీదికొచ్చినట్టు వచ్చి పక్కకు పోయింది. మిట్ట ఎక్కాను, పల్లం దిగాను. బాగుంది. బండి తోలడం నిజంగా బాగుంది, ఆ మాట దాచను. నాకంటూ, నేనొక్కదాన్నే ఎక్కే బండి ఒకటుంటే రోజూ తోలేదాన్నేమో. అలాంటి బండి మా ఇంట్లో ఉండదు. ఇందులో ఎక్కేవాళ్ళందరూ నా వెనక కూర్చుంటారు, నేను వాళ్ళ కుప్పాలకూ ట్యూషన్లకూ తిరుగుతాను. దానికి స్వాతంత్య్రమని పేరు కూడా పెడతారు, పెండ్లానికి కారిచ్చినానని మండీలో చెప్పుకుంటారు.

పుంగనూరులో ఆడబిడ్డ ఇంటి ముందు కారాపాను. మునిరత్నం లుంగీతో అరుగు మీద కూర్చుని తల పట్టుకుని మజ్జిగ తాగుతున్నాడు. నన్ను చూసి, కారును చూసి, ఇంకెవరైనా దిగుతారేమోనని చూశాడు. తాళాలు ఆయన పక్కన అరుగు మీద పెట్టాను.

"నిన్న మీరు కక్కింది సగమే గీకినా అన్నా. మిగిలింది మీరు కడుక్కోండి. ఇది పల్లం కాదు గాని, ఫస్ట్ గేరులో పెట్టినా. నిజంగానే ఫస్ట్ గేరు."

ఆయన మూతికి మజ్జిగ అంటుకుని ఉంది. తుడుచుకోలేదు. అర్థమైందని ఆయన కళ్ళల్లో తెలిసింది, అది చాలు. లోపలి నుంచి ఆడబిడ్డ పరుగెత్తుకొచ్చి, ఒక్కదానివే తోలుకొచ్చినావా వదినా, మళ్ళ ఎట్ల పోతావు అంది. బస్సుకు పోతాను, ఇకమీదట ఎటు పోయినా బస్సుకే పోతాను, కారు కావాలంటే మీ అన్ననే వచ్చి తీసుకుపొమ్మను అన్నాను. ఇంట్లోకి రమ్మంది, పోలేదు.

ఆదివారం, పైగా పెండ్లిళ్ళు. బస్సు కిటకిటలాడుతోంది. సీటు లేదు. పైకమ్మీ పట్టుకుని నిలబడ్డాను. పక్కనామె కోడిపుంజును చంకలో పెట్టుకుని ఉంది, దాని తోక నా మోచేతికి తగులుతోంది. ఎవరిదో చంటిబిడ్డ నా కొంగు పట్టుకుంది. కండక్టర్ జనాన్ని తోసుకుంటూ నా దాకా వచ్చి, "యాడికి పోవల్లమ్మా?" అన్నాడు.

ఇన్నేళ్ళ నా కాపురంలో నన్ను ఆ మాట అడిగింది బస్సు కండక్టర్లే.