చిక్కిన మనిషి

తడి ఇంకా పూర్తిగా ఆరని దుప్పటిని రెండు కొసలూ పట్టుకుని విదిలించి, ఇస్త్రీ బల్ల మీద పరిచింది ఆ అమ్మాయి. ఆవిరి గుప్పున ముఖాన కొట్టింది. హోటళ్ల దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి పంపే షెడ్డు అది. పొద్దున ఆ బల్ల ముందు నిలబడితే మధ్యాహ్నం దాకా నిలబడడమే. వంగి లేచేసరికి నడుముకు కట్టుకున్న గుడ్డ జారింది. బిగించి కట్టుకుంటే ముడి పక్కకు పోయింది. మొన్నటిదాకా ఆ ముడి సరిగ్గా బొడ్డు మీదే పడేది.

ఆమె ముడి విప్పి, మళ్ళీ మధ్యకి లాగి కట్టుకుంది.

"ఏమే, మెరుపుతీగలా అయిపోతున్నావ్," అంది దుప్పటి అవతలి కొస పట్టుకున్న పెద్దక్క. షెడ్డులో అందరికన్నా పాత మనిషి కనుక అందరికీ పెద్దక్కే. "ఆ కిటుకేదో మాకూ చెప్పరాదూ. మేం గాలి పీల్చినా లావెక్కుతున్నాం."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతుంటే నోరు ఎండిపోయింది.

కిటుకేమీ లేదు. మోకాళ్ళ నొప్పులని వెళ్తే, వీధి చివరి ఆస్పత్రిలో డాక్టరమ్మ బీపీ చూసి, ఈ వయసుకి ఇది కాస్త ఎక్కువే, ఓ ఐదారు కిలోలు తగ్గితే మందుల అవసరం రాదు అంది. పస్తులుండొద్దు, పొడులూ మాత్రలూ మింగొద్దు, నిదానంగా తగ్గాలి అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. అప్పటినుంచి ఆమె టీలో చక్కెర మానేసింది. పళ్ళెంలో సగం కూరగాయలే పెట్టుకుంటోంది. ఇంటికి చాలా ముందే బస్సు దిగి నడుస్తోంది. ఫోను దూరంగా పెట్టి పెందలాడే పడుకుంటోంది. నెలకో కిలో చొప్పున బరువు దిగుతూ వచ్చింది.

బరువు దిగుతున్న కొద్దీ భయం ఎక్కుతూ వచ్చింది.

అమ్మకీ మొదట్లో ఇలాంటి మెచ్చుకోళ్ళే. పెళ్ళికూతురిలా ఉన్నావన్నారు ఇరుగుపొరుగు. అమ్మ మురిసిపోయి తన బట్టలన్నీ బిగించి కుట్టుకుంది. వాటినే మళ్ళీ బిగించాల్సి వచ్చినప్పుడు గానీ ఎవరికీ అనుమానం రాలేదు. అప్పటికే కడుపులో గడ్డ ముదిరిపోయింది. బడి నుంచి వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంటే, పుల్లల కట్ట పట్టుకున్నట్టు ఉండేది.

ఇప్పుడు అద్దంలో చూసుకుంటే తన బుగ్గల కింద అమ్మ ఎముకలు తేలుతున్నాయి. తను తగ్గుతోందా, లోపల ఏదో తనని తినేస్తోందా? రెంటికీ తేడా ఎలా తెలుస్తుంది? ఎవరినైనా అడుగుదామంటే, నోటితో అంటే నిజమైపోతుందేమోనని భయం.

మధ్యాహ్నం అన్నాల వేళ ఆస్పత్రికి వెళ్ళింది. కిందటిసారి ఎలాగో ధైర్యం చేసి అమ్మ సంగతి చెబితే డాక్టరమ్మ రక్తపరీక్ష రాసింది. ఇవాళ ఫలితం వస్తుంది. నర్సు బరువు చూస్తున్నప్పుడు ఆమె కళ్ళు మూసుకుంది. డాక్టరమ్మ ఎదుట కూర్చున్నాక చేతులు ఒళ్ళో దాచుకుంది.

"ఆకలి వేస్తోందా?"

"బాగా వేస్తోందండి."

"నిద్ర?"

"పడుకుంటే ఒళ్ళు తెలీదండి."

"తిన్నది సాఫీగా దిగుతోందా?"

"దిగుతోందండి."

"మరి ఇంకేంటమ్మా నీ భయం? పరీక్షలన్నీ బాగున్నాయి. బీపీ కూడా దిగింది. ఆకలి చచ్చిపోయి, ఏ కారణం లేకుండా మనిషి చిక్కిపోతే అప్పుడు పరుగెత్తుకుని రావాలి. నువ్వు కష్టపడి తగ్గావు. ఇంకో కిలో తగ్గి, అక్కడే ఉండు."

బయటికొచ్చాక మెట్ల మీద కాసేపు కూర్చుండిపోయింది.

సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి నాన్న వంట చేసి ఎదురుచూస్తున్నాడు. వడ్రంగి ఆయన. తలుపు వెంట్రుకవాసి వాలినా వీధిలోంచే కనిపెట్టే కన్ను. ఆ కంటితోనే ఇన్ని నెలలుగా కూతురి మణికట్టు కేసి, మెడ కేసి చూస్తున్నాడు. ఏమీ అనడు. తన పళ్ళెంలోంచి తీసి ఆమె పళ్ళెంలో వేస్తాడు, అంతే. వద్దు నాన్నా అంటే వినిపించుకోడు.

"ఏమంది అమ్మడూ డాక్టరమ్మ?"

"ఏమీ లేదంట నాన్నా. అన్నీ బాగున్నాయంట."

"మీ అమ్మలా కాదుగా?"

అమ్మ పోయాక ఆ మాట ఆయన నోట రావడం అదే మొదటిసారి.

"కాదు నాన్నా. నేనే తగ్గానంట."

ఆయన ముంజేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. ఇద్దరూ తినడానికి కూర్చున్నారు. రెండు ముద్దలు తిని, గుక్కెడు నీళ్ళు తాగి, పళ్ళెం ఆమె వైపు జరిపాడు.

"ఇక నాకెందుకు నాన్నా? బాగున్నానని చెప్పానుగా. నువ్వు తిను."

"నాకు ఆకలి లేదమ్మడూ. ఈ మధ్య ముద్ద దిగడం లేదు. వయసు మీద పడుతోంది, ఇంకేముంది."

ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. తలెత్తి చూసింది. ఇన్ని నెలలుగా ఆ ఇంట్లో ఇద్దరూ చూస్తున్నది ఆమె ఒక్కదాన్నే. చొక్కా కాలరు ఆయన మెడని తాకకుండా ఎడంగా నిలబడి ఉంది. ముంజేతి మీద చర్మం వదులుగా వేలాడుతోంది. పగలంతా తనతో తిరిగిన భయం లేచి వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నట్టనిపించింది.

"నాన్నా, రేపు పనికి వెళ్ళకు. ఆస్పత్రికి వెళ్దాం."

"నాకేమైందే పిచ్చిదానా?"

"వెళ్దాం," అంది.

వెళ్ళారు. అన్నవాహికలో గడ్డ ఉందన్నారు. అప్పటికే ఆలస్యమైందన్నారు. చలికాలం దాటకుండానే, ఒక మధ్యాహ్నం, పెదవులకి తడిగుడ్డ అద్దుతుంటే, ఇక చాలన్నట్టు తల పక్కకి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఆమె మళ్ళీ షెడ్డుకి వెళ్తోంది. ఇంకో కిలో తగ్గి అక్కడే నిలబడింది. బస్సు ముందే దిగి నడుస్తోంది. ఇప్పుడు పెద్దక్క ఏమీ అనకుండా దుప్పటి రెండో కొస అందుకుంటుంది.

తలుపు వెనక కొక్కేనికి ఆయన బెల్టు అలాగే ఉంది. కుట్టినవాళ్ళు చేసిన రంధ్రాలు దాటి, మేకుతో పొడుచుకున్న రంధ్రాలు, వంకరగా, లోపలికి, ఒకదాని వెనక ఒకటి. చివరిదాని అంచులు ఇంకా నలగలేదు.