తడిస్తే పలికే మూల

ఆలేరు టేషన్ తొవ్వల గడియారాలు బాగుచేసే పర్వతాలు అనేటాయన ఇంట్ల ఒక మంచం ఎప్పుడూ నిలువుగ నిలబెట్టి ఉండేది. మంచం నిలబెడితే ఇంటికి కీడంటరు, వచ్చినోళ్లంత గదే మాట అనేటోళ్లు. పర్వతాలు పెండ్లాం అండాలు నవ్వి, దాని మీద తడి చీర ఆరేసేది. చీర కింద నులక లేదు. నులక జాగల రాగితీగ ఉన్నది. వేళ్లు కోసుకపోంగ చుట్టింది అండాలే.

ఎక్కడో సముద్రం మీది ఓడల కోసం రేడియోల కొట్టే టైము టిక్కులను ఆ మంచం పట్టుకునేది. మంచాన్ని జర అటూ ఇటూ తిప్పాలె, మంచం తీగకు కలిపిన రేడియో డబ్బకు తగిలించిన డిప్పలు చెవులకు పెట్టుకోవాలె, ఓపిక పట్టాలె. దొరికిందంటే ఊరి మొత్తంల అంత సక్కటి టైము ఇంకోకాడ లేదు. సర్కారుకు తెలిస్తే మాత్రం జైలే.

డబ్బ నుంచి ఇంకో తీగ గోడ బొక్కకెల్లి పెరట్లకు పోయి, పిడకలు పేర్చే మూలన భూమిలకు దిగుతది. అక్కడ పాతిన రాగిరేకుకు వారానికో బిందె ఉప్పునీళ్లు పోయాలె. భూమి తడి ఉంటెనే డబ్బ పలుకుతది.

ఆ మూల సంగతి వాడకట్టుకంతా ఎరికే. పొడిగ ఉన్నన్ని దినాలు తన మీద నిలబడి ఎవరేమన్నా దాచుకుంటది, తడిసిందంటే బయటపెడతది. పర్వతాలు తల్లి నర్సింగమ్మ పోయి ఏండ్లయినా, బిందె పోసినప్పుడల్లా కోడలిని తిడుతనే ఉంటది. "గింత ఉప్పేస్తరానే కూరల?" అంటది. అండాలు గా తిట్లు వినుకుంట తన పని తాను చేసుకునేది. అలవాటైపోయింది.

రజాకార్లు పోయి, మిలిటరీ వచ్చి, జనం ఇగ బతికినమనుకునే లోపే ఊరూరికి క్యాంపు పడ్డ ఎండకాలం అది. అండాలు అన్న భీమయ్య క్యాంపోళ్లు వెతికే కమ్యూనిస్టు సంఘంల ఉన్నడు, అడివిల తిరుగుతున్నడు. రైలుకట్ట దాటాలంటే గస్తీ ట్రాలీ రాని సందుల దాటాలె. కట్టకు అటు దళం, ఇటు దళం గడియారాలు ఒక్కతీరుగ నడవాలె. ఆగిపోయిన గడియారాన్ని బావ దగ్గరికి బాగుకు పంపి, అంగడి నాడు జనంల కలిసి వచ్చి తీసుకపోతనని కబురు చేసిండు.

అంగడి దగ్గర పడ్డంక డబ్బ మూగవడ్డది.

"బ్యాటరీ పోయింది," అన్నడు పర్వతాలు. "టేషన్ గడియారం చూసి పెడ్త తియ్. నువ్వు గా మూలకు నీళ్లు పోయకు. ఉప్పు రాగిని తింటాంది."

"టేషన్ గడియారం ఎనుక నడుస్తదని నువ్వే అంటివి గదా."

"ఒక్కనాటికి ఏం గాదు."

"గా ఒక్కనాడే మా అన్న పాణం పోతది," అన్నది అండాలు. పర్వతాలు కంటికి పెట్టుకున్న భూతద్దం తియ్యలేదు.

ఆయన బజార్ల దుకాణానికి పోయినంక అండాలు డబ్బ ముందల కూసున్నది. కూర చెడితే ఉప్పెక్కువైందా, పులుపెక్కువైందా అని చూసినట్టు ఒక్కొక్కటే చూసుకుంట వచ్చింది. బ్యాటరీ తీగలు నాలుక కొసకు తాకిస్తే చురుక్కుమన్నది. బ్యాటరీ బతికే ఉన్నది. మంచం తీగ మీద వేలు నడిపించింది, ఎక్కడా తెగలేదు. మంచాన్ని నాలుగు దిక్కులా తిప్పింది. ఉత్త బుసనే గానీ టిక్కు లేదు.

ఇగ మిగిలింది పెరటి తీగ. పిడకలు తీసి చూసింది. తీగ తెగలేదు, రేకు నుంచి విప్పి పక్కకు మడిచి ఉన్నది. కొసకు పట్టుకారు పండ్ల గుర్తులున్నయి. రాగి ఖరాబు కావద్దని విప్పిండేమో అనుకున్నది, పిచ్చిది. మొగని మీద అనుమానం అంత జల్ది రాదు.

తీగ మళ్ల కట్టి, బిందెడు ఉప్పునీళ్లు పోసి, వచ్చి డిప్పలు పెట్టుకున్నది. ముందుగాల అత్త తిట్టింది. తర్వాత మొగని గొంతు వచ్చింది.

"అంగడి నాడు వస్తడు సాబ్. గడియారం కోసం సీదా దుకాణంలకే వస్తడు. మీరు ఎదురుంగ హోటల్ల కూసోండ్రి."

"నీ పెండ్లాం?" అన్నడు క్యాంపు జమేదారు.

"దానికేం తెల్వది. టేషన్ గడియారాల పని ఇప్పిస్తమన్నరు, గది మరువకుండ్రి."

ఆ మాటల ఎనుకనే బుస తగ్గి, టిక్కులు సక్కగ వినవడ్డయి.

అండాలు ఏడ్వలేదు. అన్నం పెట్టిన చెయ్యి, తీగ చుట్టిన చెయ్యి, రెండూ తనయే గదా. ఇద్దరు కూసోని చేసిన డబ్బను మూగ చేసి, ఆ మూగ డబ్బ ముందలనే తనను కూసోబెట్టిండు. దొడ్డితొవ్వల వచ్చినోళ్లతోని ఆ పొడి మూలనే నిలబడి మాట్లాడి, వానలు పడి అది తడిసేటాల్లకు పని అయిపోతదనుకున్నడు. మొగడు బాగుచేసి ఇంట్ల పెట్టిన అన్న గడియారానికి టైము టిక్కుకు టిక్కు కలిపి పెట్టింది. దాని జాగల పాడువడ్డ గడియారమొకటి గుడ్డల చుట్టి పెట్టింది.

చల్ల అమ్మే పుల్లమ్మ రాంగనే లోపలికి పిలిచింది. సంఘపోళ్లకు కబుర్లు మోసేది ఆమెనే.

"పుల్లక్కా, గిది అన్నకు ముట్టాలె. అంగడికి రావద్దని చెప్పు."

"ఏమాయె బిడ్డా?"

పెరట్ల భూమి ఇంకా సన్నగ మాట్లాడుతనే ఉన్నది. పుల్లమ్మ ఒక గడియ చెవి అటు పెట్టింది. గడియారాన్ని మైనం గుడ్డల చుట్టి చల్లకుండ అడుగుకు దించుకొని పోయింది.

అంగడి నాడు హోటల్ల కొత్త మొఖాలు పొద్దుందాక చాయ్ తాగినయి. భీమయ్య రాలేదు. క్యాంపు జమేదారు దుకాణంలకొచ్చి పర్వతాలు చెంప మీద ఒక్కటిచ్చి పోయిండు. టేషన్ గడియారాల పని భువనగిరిల ఉండే ఇంకో గడియారాలాయనకు పోయింది.

"మీ అన్న రాకపాయె," అన్నడు పర్వతాలు ఇంటికొచ్చి.

"ఎందుకొస్తడు? గడియారం ముట్టింది."

ఆయన గబగబ పెరట్లకు పోయిండు. మూలన పిడకలు లేవు. మట్టి తవ్వి పాదు చేసి ఉన్నది.

"గిదేందే?"

"బీరగింజలు పెట్టిన."

"గీ ఎండకు బతుకుతయా?"

"రోజుకో బిందె మంచినీళ్లు పోస్త. బతుకుతయి."

పర్వతాలు పీట మీద కూసోని అన్నం కలుపుకున్నడు. అండాలు పెరట్ల పాదుకు బిందె వంచింది. "సీదా దుకాణంలకే వస్తడు సాబ్," అన్నది భూమి, ఆయన గొంతుతోనే. ముద్ద చేతులనే ఉండిపోయింది. పాదు పీకెయ్యమంటే తప్పు ఒప్పుకున్నట్టే.

దళం కట్ట దాటిందని పుల్లమ్మ చల్ల పోసుకుంట చెప్పింది. ఆ ఏడు బీరకాయలు మస్తు కాసినయి. వాడకట్టుల ఎవరడిగినా అండాలు కాదనలేదు. ఒక్కొక్కరిని పెరట్లకు పిలిచి, ముందుగాల పాదుకు నీళ్లు పోసి, తర్వాత కాయలు తెంపిచ్చింది.