ఐదు నిమిషాల జావ

మూడో గిన్నె జావ కూడా సింకు పాలైంది. లైట్ల వేడికి పైన తెట్టు కట్టిందట, కెమెరాలో ముడతలు పడ్డ మొహంలా కనబడుతోందట. కెమెరా అతను ఆ మాట అనగానే ఇంటావిడ చెయ్యి ఊపింది, వంటమ్మ కుళాయి తిప్పింది. పాలూ, ఓట్సూ, అరటిపండూ, ఖర్జూరాలూ అన్నీ కలిసి గిర్రున తిరుగుతూ కన్నంలోకి దిగిపోయాయి. గుమ్మం దగ్గర పీట మీద కూర్చున్న వంటమ్మ కూతురు గువ్వ మెడ సాచి మరీ చూసింది.

"అమ్మా, బువ్వ," అంది.

"పెడతారు తల్లీ, ఇప్పుడే పెడతారు," అంది వంటమ్మ, కూతురి మొహం చూడకుండా.

రాత్రి తిన్న నాలుగు మెతుకులు తప్ప గువ్వ కడుపులో ఏమీ లేదు. రెండేళ్ళ పిల్ల. తెల్లారగానే ఏడిస్తే, తల్లి కాసిని నీళ్ళు తాగించి చంకనేసుకుని పనికి వచ్చేసింది. ఇంటావిడ నిన్ననే చెప్పి పంపింది: "రేపు దానికేం పెట్టకుండా తీసుకురా. పోయినసారి మూడో చెంచాకే మొహం తిప్పేసి రోజంతా పాడు చేసింది. ఆకలి రుచెరగదని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా?"

సామెతలు కడుపు నిండినవాళ్ళ నోట మహా బాగా పలుకుతాయి.

ఇంటావిడ పసిపిల్లల తిండి మీద వీడియోలు తీస్తుంది. ఐదు నిమిషాల్లో ఆరోగ్యం అని వాటికి పేరు. తీరిక లేని తల్లులు వేలమంది చూస్తారు. అందులో అబద్ధమేమీ లేదు. ఓట్సు దోరగా వేయించి పొడి కొట్టి, చన్నీళ్ళలో ఉండ కట్టకుండా కలిపి, మరిగే పాలలో పోసి తిప్పితే నిజంగానే ఐదు నిమిషాల్లో జావ తయారు. పంచదార బదులు నానబెట్టిన ఖర్జూరాల గుజ్జు, పొయ్యి మీంచి దించాక మెత్తగా మెదిపిన అరటిపండు. చేసేదంతా వంటమ్మ, గరిటె పట్టుకుని తెర మీద కనిపించేది ఇంటావిడ. కాకపోతే ఆ ఐదు నిమిషాల జావ తెర మీదికి ఎక్కడానికి పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా పడుతుంది.

చేసేవాళ్ళతో ఎప్పుడూ పేచీ లేదు. చిక్కంతా తినేవాళ్ళ దగ్గరే వచ్చింది. ఇంటావిడ కొడుక్కి జావ వాసన తగిలితే చాలు, డోకు. మొట్టమొదటి వీడియోలోనే తల్లి కొత్తబట్టల మీద భళ్ళున కక్కేశాడు. ఆ రోజు గువ్వ కూడా అక్కడే ఉంది. అప్పటిదాకా పిల్లని చూసుకున్న పక్కింటి పెద్దావిడ ఇల్లు మారిపోవడంతో, గతి లేక వంటమ్మ వెంట తెచ్చుకుంది. పిలవని పేరంటానికి వచ్చినట్టు గువ్వ తప్పటడుగులేసుకుంటూ వచ్చి ఆ చెంచా ముందు నోరు తెరుచుకుని నిలబడింది. పొద్దున "పిల్లల్ని తెస్తే పనెలా అవుతుంది?" అని విసుక్కున్న ఇంటావిడ, సాయంత్రానికి నవ్వు మొహంతో అంది: "రోజూ తెచ్చుకో. ఇక్కడే ఆడుకుంటుంది, పాపం."

వంటమ్మ పొంగిపోయింది. పొంగదూ మరి? పెద్దావిడ వెళ్ళిపోయాక మొదట కొన్నాళ్ళు పిల్లని గదిలో పెట్టి తాళం వేసి పనికొచ్చింది. సాయంత్రం తాళం తీసేసరికి గువ్వ తలుపు వారనే, ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, తడిసిన బట్టలతో నిద్రపోతూ ఉండేది. ఆ తాళం కప్ప పీడ వదిలించిన ఇంటావిడ ఏం చెయ్యమంటే అది చెయ్యడానికి ఆమె సిద్ధమైపోయింది.

గువ్వకి స్నానం చేయించి, బాబు విడిచిన చొక్కా తొడిగి, బాబు కుర్చీలో కూర్చోబెడతారు. వంటమ్మ నీడ కూడా తెర మీద పడకూడదు. చూసినవాళ్ళు గువ్వ ఇంటావిడ బిడ్డే అనుకున్నారు. "మీ పాప ఎంత బుద్ధిగా తింటోందండీ, పెంపకం అంటే మీదే" అని రాశారు. ఇంటావిడ అవుననలేదు, కాదనలేదు. ఇక ఆ బాబు హాల్లో సోఫా ఎక్కి, ఫోన్లో గువ్వ జావ తినడం చూస్తూ బిస్కెట్లు నములుతాడు. ఆ వీడియో పెడితే గాని వాడు బిస్కెట్టు కూడా ముట్టడు!

వంటమ్మ మొగుడు గోడలకు రంగులేస్తాడు. అతనైతే ఆ వీడియోలు తోటి పనివాళ్ళందరికీ చూపించి మురిసిపోయాడు. రాత్రి వంటమ్మ పిల్లని పస్తుతో తెమ్మన్న సంగతి చెబితే తేలిగ్గా తీసేశాడు. "ఒక్క పూటకేం అరిగిపోదులే. మధ్యాన్నం ఎలాగూ గిన్నెలకి గిన్నెలు తింటుందిగా?" అన్నాడు. నిజమేగా అని ఆమె కూడా అనుకుంది. అలా అనుకున్నందుకు ఇప్పుడు ఆమెకు తన మీదే ఒళ్ళు మండుతోంది.

నాలుగో గిన్నెతోపాటు గువ్వా కెమెరా ముందుకు వెళ్ళింది. ఇంటావిడ పక్కన కూర్చుని చెంచా ఎత్తేలోపే గువ్వ నోరు తెరిచి కుర్చీలోంచి ముందుకు వాలింది. చెంచాడు జావ లోపలికి పోయింది.

"కట్," అన్నాడు కెమెరా అతను. "చెంచా మీద వెలుతురు పడలేదు మేడమ్."

గువ్వ మూతి తుడిచారు. గిన్నె తీసేశారు. లైటు జరిపి మళ్ళీ గిన్నె తెచ్చారు. మళ్ళీ ఒక్క చెంచా.

"పాప మరీ గబుక్కున మింగేస్తోంది మేడమ్. కరువులో ఉన్నట్టుంది. కొంచెం మెల్లగా, నవ్వుతూ తింటే బాగుంటుంది."

"నవ్వు బంగారం. నవ్వితేనే ఇంకో చెంచా," అంది ఇంటావిడ.

గువ్వ తెలివైన పిల్ల. తొందరగానే నేర్చుకుంది. చెంచా నోట్లోకి రాగానే నవ్వడం, మింగడం, గడ్డం పైకెత్తి మూతి తుడిపించుకోవడం, గిన్నె వెళ్ళిపోతుంటే చూడటం.

వంటమ్మ ఉండబట్టలేక గుమ్మంలోకి వచ్చింది. "అమ్మగారూ, పొద్దుటి నుంచి దానికి ఏం లేదండి. ఓ నాలుగు చెంచాలు పెట్టేసి తీసుకొస్తాను."

"నాలుగు పెడితే ఇంక నోరు తెరుస్తుందా? నీకు తెలీనిదేముంది?" ఇంటావిడ గొంతు తగ్గించింది. "ఓట్స్ కంపెనీవాళ్ళు సాయంత్రానికల్లా పంపమన్నారు. ఇది కుదిరితేనే వాళ్ళ ప్రకటనలకి నన్ను పెట్టుకుంటారు. ఏడాది నుంచి ఈ ఒక్కదాని కోసమే చస్తున్నాను. ఇంకో రెండు షాట్లు, అంతే. ఆ తర్వాత గిన్నెడు పెట్టుకో, ఎవరొద్దన్నారు? పసిదాన్ని చూస్తే నాకు మాత్రం జాలి లేదా?"

జాలి ఉంది. ఆవిడ కళ్ళల్లో అది నిజంగానే కనిపించింది. దానికేం, ఖర్చు లేనిది, ఎంతైనా ఉండొచ్చు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అంటారు. ఇక్కడ ఆ అమ్మ తానే కదా అనుకుంది వంటమ్మ, గరిటె చేత్తో పట్టుకుని.

రెండు షాట్లు అన్నవి ఎన్నయ్యాయో లెక్క లేదు. మధ్యలో బయటినుంచి భోజనాలు వచ్చాయి. కెమెరా అతనూ ఇంటావిడా తిన్నారు. గువ్వ వాళ్ళ చేతులకేసి చూసింది కాని అడగలేదు. కుర్చీకున్న పలక మీద చెంప ఆనించి పడుకుంది.

"అమ్మయ్య, పేచీ మానేసింది," అంది ఇంటావిడ చేతులు కడుక్కుంటూ.

పిల్ల పేచీ మానేస్తే సంతోషించేది తిండికి లోటు లేని ఇళ్ళల్లో. వంటమ్మ పుట్టిన ఇంట్లో ఏడుపు ఆగిన పిల్లని పెద్దవాళ్ళు భయంతో లేపి కూర్చోబెట్టేవాళ్ళు.

"కళ్ళు మూతలు పడుతున్నాయి దానికి. తీసుకెళ్ళి మొహం కడిగి, వేడిగా ఇంకో గిన్నె చేసి తీసుకురా. దగ్గరనుంచి ఒక్కటి తీస్తే అయిపోతుంది," అంది ఇంటావిడ.

వంటమ్మ పిల్లని ఎత్తుకుని వంటింట్లోకి వచ్చింది. మొహం కడిగింది. చంకలో పిల్లని పెట్టుకునే ఒంటిచేత్తో పాలు పొంగించి, పొడి కలిపి, తిప్పింది. ఖర్జూరం గుజ్జు వేసింది, పండు మెదిపింది. గువ్వ తల్లి భుజం మీదనుంచి గిన్నెలోకి చూస్తోంది. ఎవరు ఏమనుకున్నా ఆ క్షణంలో ఆమెకు కంపెనీ గుర్తు లేదు, లైట్లు గుర్తు లేవు. నేల మీద చతికిలబడి, పిల్లని ఒళ్ళో వేసుకుని, ఒక చెంచా ఊది, తన పెదవికి తాకించి చూసుకుని నోట్లో పెట్టింది.

గువ్వ మింగింది. మింగి, తల్లి వైపు కాకుండా ఎదురుగా ఉన్న ఖాళీ గోడకేసి తిరిగి చక్కగా నవ్వింది. తర్వాత గడ్డం పైకెత్తి, మూతి తుడుస్తారని కూర్చుంది.

వంటమ్మ ఆ గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. "ఎవరికే ఆ నవ్వు?" అంది. "ఎవరూ లేరే ఇక్కడ. నేనే తల్లీ. అమ్మనే. తిను, ఇది ఎక్కడికీ పోదు."

రెండో చెంచా దగ్గరికొస్తే గువ్వ నోరు తెరవలేదు. గిన్నె ఇంకా అక్కడే ఉందేమిటా అని అనుమానంగా చూసింది. చెంచా పెదవులకు తగిలాక తెరిచింది. మూడోది కొంచెం తొందరగా. నాలుగోదానికి తనే వంగింది.

"ఎంతసేపు? లైట్లు వెలుగుతుంటే..." అంటూ వచ్చిన ఇంటావిడ గుమ్మంలోనే ఆగిపోయింది. "అదేంటి, అది షాట్ కోసం కదా!"

"కాదండి. ఇది పిల్లకి."

"మతి పోయిందా నీకు? అక్కడ అందరం దీని కోసమే కూర్చున్నాం. ఇటివ్వు." ఇంటావిడ చెయ్యి చాపింది.

"ఇవ్వనండి."

ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి వంటమ్మ అనని మాట అది. నోట్లోంచి వచ్చాక ఆమే బెదిరింది. ఇంటావిడ కేకలేమీ వెయ్యలేదు, నెమ్మదిగానే అంది.

"సరే. రేపట్నుంచి పిల్లని తేవద్దు. ఎక్కడ వదిలేసి వస్తావో నువ్వే చూసుకో."

తగలాల్సిన చోటే తగిలింది. రేపు ఎలా తెల్లారుతుందో వంటమ్మకే తెలియదు. చెంచా మళ్ళీ గిన్నెలో ముంచింది.

"మేడమ్, బ్యాటరీ అయిపోతోంది," అని హాల్లోంచి కెమెరా అతను కేకేశాడు.

ఇంటావిడ చాపిన చెయ్యి తీయలేదు. గువ్వ ఆ చేతికేసి చూసింది, గిన్నెకేసి చూసింది. నవ్వలేదు. గిన్నె అంచుని రెండు చేతులతో పట్టుకుని తన మీదికి లాక్కుంది.